తరవాతి కచేరీ ఎప్పుడు?

వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసు ఒకటి చూసి రాయమని సంపాదకుడు పురమాయిస్తే విజయవాడ గవర్నరుపేటలో ఒక మేడమీది గదికి వెళ్లాను. యజమాని ఏవేవో చూపించబోయాడు గానీ, కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయిని వదిలి నేను కదల్లేదు. ఆమె ఎదుట ఒక సంగీతసభ కార్యదర్శి నిష్ఠూరమాడుతున్నారు: “ఎప్పుడు తెరిచినా అయిపోయిన కచేరీయే కనబడుతుందమ్మా! జనం ఫోన్లు చేసి తిడుతున్నారు.”

ఆమె మారుమాట్లాడకుండా పాత కోడ్ తెరిచింది. కార్యక్రమాలను తేదీ వరసలో పేర్చి మొదటిది చూపించమని ఉంది. నేటికి ముందువి వదిలెయ్యమన్న షరతే లేదు. ఇక పట్టికలో అన్నిటికంటే పాతది పైకి రాక ఏం చేస్తుంది? పోనీ ఆ వరసైనా సరిగ్గా ఉందా అంటే అదీ లేదు. తేదీల్ని మామూలు అక్షరాల్లా దాచారు. ‘28-11’ కంటే ‘05-12’ ముందు నిలబడింది, సున్నా రెండుకు ముందు గనక. నవంబరు వెనక్కీ డిసెంబరు ముందుకూ!

ముందు ఆ గడిని అసలైన తేదీ గడిగా మార్చింది. తరవాత షరతు పెట్టడానికి ‘వేర్’ అని కొట్టి ఆగింది. 1974లో ఐబీఎంలో ఛాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు వెలువరించిన భాష నుంచి వచ్చిన మాటలే ఇప్పటికీ ఈ పని చేసిపెడుతున్నాయి. ఆమె ఆగింది మాట తోచక కాదు. ఏ సమయంతో పోల్చాలా అని.

“ఆరింటికి మొదలయ్యే కచేరీ ఆరు దాటగానే మాయమైతే, బెంజిసర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాయన హాలు పేరు ఎక్కడ చూసుకుంటాడు సార్?” అంది నాతో. మొదలయ్యే సమయం తీసేసి ముగిసే సమయం పెట్టింది. సర్వరు గడియారం యూటీసీలో ఉంది, మనకంటే అయిదున్నర గంటలు వెనక. మనకు తెల్లవారుజామున అయిదున్నర అయ్యేదాకా దానికి నిన్నటి తేదీయే. దాన్నీ సరిచేసింది. చివర్లో, ఒక్కటే చూపించమని ‘లిమిట్ 1’. మొత్తం నాలుగు పంక్తులు. చూసి మెచ్చుకునే శ్రోత ఈ విద్యకు ఎక్కడ దొరుకుతాడు?

ఇంత చేసి చూస్తే పట్టికలో మూడంటే మూడే వరసలు.

“పాతవేవండీ?”

“డిలీట్ చేస్తూ వచ్చాం కదమ్మా. పైది తీసేస్తేనేగా తరవాతది కనిపించేది!”

నాకు ఒళ్లు మండింది. ఒక్క షరతు రాయనందుకు ఏళ్ల తరబడి ఎవరు పాడారో, ఎవరు మృదంగం వాయించారో తుడిచిపెట్టుకుపోయింది. తుడిచినవాళ్లకి తుడుస్తున్నామన్న స్పృహే లేదు. మన సభల చరిత్ర రాయబోయేవాడికి కరపత్రాలు తప్ప ఆధారం దొరకదని ఎన్నాళ్లుగానో వింటున్నాం. కంప్యూటరొచ్చాకా అదే తంతు.

కరపత్రాలు సభ బీరువాలో కొన్ని ఉన్నాయట. అవి తెస్తే ఎక్కించవచ్చు, ఇక తీసెయ్యక్కర్లేదని ఆమె చెప్పింది. టైపు చేసే మనిషికి డబ్బివ్వాలంటే కమిటీ ఒప్పుకోవాలన్నారు కార్యదర్శి. పై భాగాన కదిలే కొత్త బ్యానరుకు మాత్రం అడ్వాన్సు అప్పటికే ఇచ్చేశారు.