హ్యామ్‌స్టర్ తెచ్చుకున్నారా? నాలుగు రోజులు ముట్టుకోకండి

ఒక మంగళవారం ఉదయం. ఓ.పి.లో జనం కిటకిటలాడుతున్నారు. వరుసను తప్పించుకుని ఒకాయన గాభరాగా లోపలికి వచ్చాడు. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, కనురెప్పల అంచున బొగ్గు నలుపు ఇంకా వదల్లేదు. వెంట తొమ్మిదేళ్ళ కొడుకు. వాడి చూపుడు వేలికి పసుపు అద్ది గుడ్డపీలిక చుట్టి ఉంది.

"సారూ, పోరన్ని ఎలుక కరిసింది. బొడ్డు సుట్టు పద్నాలుగు సూదులు ఎయ్యాల్నంటున్నరు. నిజమేనా?"

"ఎలుక కాదు సార్, హ్యామ్‌స్టర్" అన్నాడు పిల్లవాడు, తన ప్రాణిని ఎలుక అన్నందుకు నొచ్చుకున్నట్టు.

గుడ్డ విప్పి చూశాను. రెండు చిన్న పంటి గాట్లు. కొళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించాను. ధనుర్వాతం టీకా గడువు దాటిందని తేలితే అది వేయించాను. అంతే. పెంపుడు హ్యామ్‌స్టర్, ఎలుక, ఉడుత వంటి చిన్న కొరుకుడు జంతువుల వల్ల మనుషులకు పిచ్చికుక్క వ్యాధి రాదనే చెప్పవచ్చు. వాటి కాటుకు ఆ టీకా అవసరం దాదాపుగా ఉండదు. ఇక బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల మాట పాతకాలపు భయం. ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004తోనే ఆగిపోయింది. ఇప్పుడు కుక్క కరిచినా వేసేది జబ్బకే, అదీ కొద్ది మోతాదులే. కాని కుక్కో, పిల్లో, కోతో కరిస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆలస్యం చేయకండి. అక్కడ నేను చెప్పిన ఈ ధీమా పనికిరాదు. హ్యామ్‌స్టర్ కరిచిన తర్వాత కూడా వారం పది రోజుల్లో జ్వరం, కీళ్ళ నొప్పులు, ఒంటి మీద దద్దుర్లు కనబడితే డాక్టరుకు చూపించి, కాటు సంగతి తప్పక చెప్పాలి.

గాయం పని అయ్యాక అసలు సంగతి అడిగాను. ఎప్పుడు తెచ్చారు? ఆదివారం సాయంత్రం, మంచిర్యాలలో. తెచ్చిన దగ్గర్నుంచి క్వార్టర్ల లైనులోని పిల్లలందరూ వీళ్ళింట్లోనే. రెండు రోజులుగా అది ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతూనే ఉంది. ఈ ఉదయం బడికి పోయే ముందు ఇంకోసారి చూద్దామని, నిద్రపోతున్న దాన్ని గూట్లోంచి బయటికి లాగాడు. కరిచింది.

"రాత్రి షిఫ్టు చేసి వచ్చి పండుకున్నవు. పది గంటలకు ఎవరో వచ్చి కాళ్ళు పట్టుకుని గుంజితే ఏం చేస్తవు?" అని తండ్రిని అడిగాను. ఆయన నవ్వాడు. హ్యామ్‌స్టర్ జన్మంతా రాత్రి షిఫ్టే. పొద్దుగూకిన తర్వాత లేచి, తెల్లారేసరికి పడుకుంటుంది. పైగా ఒంటరి ప్రాణి. మనం జాలిపడి జంట కోసం ఇంకోదాన్ని తెచ్చి అదే బోనులో వేస్తే, అవి కొట్టుకుని ఒకటి చచ్చే దాకా వదలవు.

దీని పుట్టిల్లు సిరియా. 1930లో అలెప్పో పట్టణం దగ్గరి గోధుమ పొలంలో ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతుశాస్త్రజ్ఞుడు నేలను లోతుగా తవ్వించి ఒక తల్లిని, దాని పిల్లలను పట్టించాడు. ఎందుకంటారా? కాలా అజార్ జ్వరం మీద పరిశోధనకు సాల్ ఆడ్లర్ అనే వైద్య శాస్త్రజ్ఞుడికి అవి కావలసివచ్చాయి. మన బీహారును ఏళ్ళ తరబడి పీడించిన జ్వరమే అది. పట్టుబడిన బెదురులో ఆ తల్లి తన పిల్లల్లో ఒకదాన్ని అక్కడే చంపేసిందట. మిగిలిన వాటిలో బతికి బట్టకట్టిన కొన్నింటి సంతానమే ఈనాడు దేశదేశాల ఇళ్ళలో పెరుగుతున్న బంగారు రంగు హ్యామ్‌స్టర్లలో చాలా భాగం. చోటు మారితే ఈ ప్రాణికి ఎంత బెదురో చెప్పడానికి ఆ తల్లి కథ ఒక్కటి చాలు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, నేను కూడా ఒకదాన్ని పోగొట్టుకున్నవాణ్ణే.

కొన్నేళ్ళ క్రితం మా మనవరాలు పట్టుబట్టి ఒక హ్యామ్‌స్టర్‌ను తెప్పించుకుంది. లడ్డు అని పేరు పెట్టింది. నేనా, ముప్పై ఏళ్ళుగా ఆసుపత్రుల్లో బతికినవాణ్ణి. ఇంట్లోకి ఎలుక జాతి వచ్చిందనగానే నాకు తోచింది ఒక్కటే, శుభ్రత. రోజూ ఉదయం బోను మొత్తం ఖాళీ చేయించేవాణ్ణి. ఫినాయిలు నీళ్ళతో కడిగించి, కొత్త పొట్టు పోయించేవాణ్ణి. వార్డులో పనివాళ్ళ మీద కేకలేసినట్టే ఇంట్లోనూ వేశాను. బోను మాత్రం అద్దంలా ఉండేది. లడ్డు రాత్రంతా ఊచలు కొరికేది, ఒక మూల నుంచి ఇంకో మూలకు పరుగెత్తేది. నాలుగో రోజుకు నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి, తోక చుట్టూ తడి. ఆరో రోజు తెల్లవారేసరికి కదలిక లేదు.

"తాతా, మనం సరిగా చూడలేదా?" అని అడిగింది పిల్ల. "లేదమ్మా, దాని ఆయుష్షు అంతే" అన్నాను. డాక్టరు నోట వచ్చిన మాట కాబట్టి నమ్మింది.

ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. హ్యామ్‌స్టర్‌కు కంటిచూపు అంతంత మాత్రం. దానికి ఇల్లంటే వాసన. తన ఒంటి వాసన పట్టిన పొట్టు, తను దాచుకున్న నాలుగు గింజలు, మూత్రానికి ఎంచుకున్న ఒక మూల, ఇవి ఉంటేనే ఇది నా చోటు అనుకుంటుంది. రోజూ అవన్నీ ఊడ్చిపారేస్తే దాన్ని రోజుకొక కొత్త ఊళ్ళో దించినట్టే. ఆ కంగారులో దాని ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. విరేచనాల జబ్బుకు సూక్ష్మజీవులు కారణమే, కాని ప్రయాణం, కొత్త చోటు, మారిన తిండి, అదేపనిగా ముట్టుకోవడం వాటికి తలుపు తెరుస్తాయి. ఫినాయిలే చంపిందని నేను ప్రమాణం చేయలేను. అయినా ఆ ఘాటు దానికి మేలు చేయలేదన్నది ఖాయం.

బొగ్గుబావుల ఊళ్ళో వాళ్ళకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. వెనకటికి బ్రిటన్ గనుల్లో కేనరీ పిట్టల్ని బోనుల్లో పెట్టి లోపలికి తీసుకుపోయేవారు. విషవాయువు మనిషికి తెలిసే లోపలే ఆ చిన్న ప్రాణం సొమ్మసిల్లేది. జె.ఎస్. హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పిన ఉపాయం అది, అక్కడ 1986 దాకా సాగింది. చిన్న ఒళ్ళు, వేగంగా కొట్టుకునే గుండె, గబగబా తీసే శ్వాస. మనకు కాస్త ఘాటు అనిపించిన గాలి దానికి ఊపిరాడనివ్వదు. కాబట్టి ఫినాయిలే కాదు, దోమల చుట్ట, అగరొత్తులు, పోపు పొగ, సిగరెట్టు కూడా ఆ గదిలో వద్దు.

అలాగని కడగకుండా వదిలేయమని కాదు. మూత్రం నిలిచిపోతే అమ్మోనియా పుడుతుంది. ముక్కుకు సూటిగా తగిలే ఆ వాసన దాని ఊపిరితిత్తులకూ చెరుపే, ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లలకూ చెరుపే. మధ్యేమార్గం ఒకటి ఉంది.

ఇంటికి తెచ్చిన మొదటి మూడు నాలుగు రోజులు నీళ్ళూ తిండీ పెట్టడం తప్ప ఇంకేమీ చేయకండి. బోను మీద సగం దాకా పలుచని గుడ్డ కప్పి, టీవీకి దూరంగా పెట్టండి. దుకాణంలో ఏ గింజలు తింటోందో అడిగి మొదట అవే పెట్టండి. వీలైతే అక్కడి పాత పొట్టు గుప్పెడు అడిగి తెచ్చి కొత్త పొట్టులో కలపండి. ఆ తర్వాత సాయంత్రాలు అది లేచిన వేళ బోను పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడాలి. ఇంకో రెండు రోజులకు అరచేతిలో ఒక గుమ్మడి గింజ పెట్టి కదలకుండా ఉంచాలి. అదే వస్తుంది. పైనుంచి చెయ్యి దించి పట్టుకోకూడదు, గద్ద తన్నుకుపోతోందనుకుంటుంది. పిల్లలను నేల మీద కూర్చోబెట్టి ఇవ్వండి. ఎత్తు నుంచి పడితే దాని ఎముకలు నిలవవు.

శుభ్రం చేయడం రోజూ రెండు నిమిషాల పని. తడిసిన మూలలోని పొట్టు తీసి, అక్కడ కొత్తది వేయాలి. దాచుకున్న దోసకాయ ముక్కలూ ఆకుకూరా కుళ్ళకముందే తీసేయాలి. ఎండు గింజలు దాచుకుంటే వాటి జోలికి పోకండి. నీళ్ళ సీసా రోజూ కడగాలి. వారం పది రోజులకోసారి పొట్టు కొంత మార్చాలి, కాని పొడిగా ఉన్న పాత పొట్టు మూడో వంతైనా మిగల్చాలి. గూడు మీద చెయ్యి వేయకుండా ఉంటే ఇంకా మంచిది. నెలకోసారి అడుగు పళ్ళేన్ని గోరువెచ్చని నీళ్ళూ కొద్దిగా సబ్బూ పెట్టి కడిగి, సబ్బు పోయేదాకా తొలిచి, ఎండలో ఆరబెట్టండి. మూత్రం చార కట్టిన చోట నీళ్ళు కలిపిన వెనిగర్ చాలు. ఒకవేళ అది ఈనితే రెండు వారాల పాటు ఆ గూటి వైపు పోనే పోకండి. అలెప్పో తల్లిని గుర్తు చేసుకోండి.

ఈ కడుగుడు వంటింటి తొట్టిలో మాత్రం వద్దు. దాని బ్రష్షు వేరు, గుడ్డ వేరు. చూడ్డానికి ఎంత ఆరోగ్యంగా ఉన్నా దాని పెంటలో టైఫాయిడ్ జాతికి దగ్గరి సూక్ష్మజీవులు ఉండవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ముద్దులు పెట్టకూడదు. గర్భిణీలు బోను శుభ్రం చేయకూడదు, కొరుకుడు జంతువుల నుంచి సోకే ఒక వైరస్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. మన జబ్బులు దానికీ, దానివి మనకూ రావచ్చని 2022 జనవరిలో హాంకాంగ్‌లో చూశాం. ఒక దుకాణంలోని హ్యామ్‌స్టర్ల నుంచి కోవిడ్ మనుషులకు సోకిందని తేలి, అక్కడ సుమారు రెండు వేల చిన్న జంతువులను చంపించారు. అది అరుదైన సంఘటన, దాన్ని తలచుకుని బెంగపడనక్కర్లేదు. నాకు అంతకన్నా పెద్ద బెంగ ఊర ఎలుకలతో. గింజలు మూతలేని డబ్బాలో పెడితే అవి వాసన పట్టి వస్తాయి, వాటి మూత్రంతో అసలు జబ్బులు తెస్తాయి. రేకు డబ్బా, గట్టి మూత.

పొట్టు విషయంలో ఒక మాట. సామిల్లులో ఊరికే ఇస్తారని రంపపు పొట్టు తేకండి. ఆ సన్నని ధూళి దానికీ దగ్గు తెస్తుంది, మీ పిల్లలకూ తెస్తుంది. అచ్చులేని తెల్ల కాగితాన్ని సన్నగా చీల్చి, జానెడు మందాన పోస్తే చక్కగా సొరంగాలు తవ్వుకుంటుంది. దూది పెట్టకండి, పోగులు కాళ్ళకు చుట్టుకుంటాయి. జొన్నలు, సజ్జలు, కొద్దిగా కీర పెట్టవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, నిమ్మజాతి పండ్లు, చాక్లెట్ వద్దు. నీళ్ళతో స్నానం అసలే వద్దు.

అన్నింటికన్నా కష్టం మన ఎండాకాలం. ఇరవై, ఇరవై నాలుగు డిగ్రీల మధ్య హాయిగా ఉండే ప్రాణి ఇది. మే నెలలో మందమర్రిలో నలభై అయిదు తాకుతుంటే రేకుల వరండాలో ఉంచితే మధ్యాహ్నం దాటేసరికి వడదెబ్బ తగులుతుంది. ఇంట్లో అన్నింటికన్నా చల్లని గదిలో, నేల మీద ఉంచండి. బోనులో పగిలిన కుండ పెంకు ఒకటి పెడితే దాని మీదికెక్కి పడుకుంటుంది. నోరు తెరిచి రొప్పుతూ వాలిపోతే చన్నీళ్ళలో ముంచకండి, చల్లని చోటికి మార్చి, తడిగుడ్డతో ఒళ్ళు అద్ది, పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఈ వేసవి ఏర్పాట్లు మీ ఇంట్లో కుదరవనుకుంటే తెచ్చుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పిల్లవాడు రెండు రోజులు ఏడుస్తాడు, అంతే. ఇక చలి ముదిరిన రాత్రులు తిండి కూడా చాలకపోతే కొన్ని హ్యామ్‌స్టర్లు కొయ్యబారి పడుకుంటాయి. చచ్చిందనుకుని గొయ్యి తవ్వే ముందు చేతుల్లో వెచ్చగా పెట్టుకుని కాసేపు చూడండి.

తోక తడిగా ఉండి, తిండి మానేసి, మూలన ముడుచుకుంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు. నేను మనుషుల డాక్టర్ని, పశువైద్యుణ్ణి కాను. పిల్లల విరేచనాల మందు చిటికెడు వేద్దామా అని నన్ను అడిగినవారున్నారు, వేయకండి. మనకు వాడే కొన్ని యాంటీబయాటిక్‌లు దాని ప్రాణం తీస్తాయి.

మా మనవరాలికి ఆ తర్వాత ఒకనాడు నిజం చెప్పాను. లడ్డు విషయంలో తాత పొరపాటు చేశాడని. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇంకోటి తెచ్చుకుందామా?" అని కాదు, "ఫినాయిలు బదులు ఏం వాడాలి?" అని అడిగింది. రెండోది రెండేళ్ళు దాటి బతికింది. దానికి అది నిండు ఆయుష్షే.

ఆ మంగళవారం వచ్చిన తండ్రీకొడుకులు మూడు వారాల తర్వాత మళ్ళీ వచ్చారు, ఈసారి తండ్రికి ఒంట్లో బాగోలేక. పిల్లవాడి వేలు మానిపోయింది. "ఇప్పుడు చేతి మీదికి వచ్చి తింటుంది సార్" అన్నాడు. తండ్రి ఫిర్యాదు వేరు. ఇప్పుడు ఆయనకు మొదటి షిఫ్టు, తెల్లవారుజామున లేవాలి. "రాత్రంతా ఆ చక్రం గరగర సారూ, కంటి మీద కునుకు లేదు."

నిద్ర మాత్ర రాయమంటాడేమోనని భయపడ్డాను. బోనును ముందు గదిలోకి మార్చి, చక్రం ఇరుసుకు ఒక చుక్క వంట నూనె వేయమని చెప్పి పంపాను.