మిగుల్చుకున్న నేల

జూన్‌లో బెర్లిన్ చేరినవాళ్లకి ఊరు కంటికన్నా ముందు ముక్కుకి తెలుస్తుంది. వీధివీధినా లిండెన్ చెట్లు పూతమీద ఉంటాయి. తేనె కలిపిన నిమ్మరసంలాంటి వాసన గాలంతా పరుచుకుంటుంది. రాత్రంతా ఆ చెట్ల కింద నిలిపిన సైకిలు సీటు మీద చెయ్యి వేస్తే బంకబంకగా అంటుకుంటుంది. మా గైడు సంచిలోంచి తడిగుడ్డ తీసి, పదకొండు సీట్లూ ఒకటొకటిగా తుడిచి, అప్పుడు సైకిళ్లు మా చేతికిచ్చింది.

ఈ సైకిలు యాత్ర మా అక్క కొడుకు ఆలోచన. రెండేళ్లుగా అక్కడ ఎమ్మెస్ చదువుతున్నాడు. "పిన్నీ, బస్సెక్కి చూస్తే భవనాలే కనపడతాయి. ఈ ఊరు పార్కుల్లో ఉంది. సైకిలు తొక్కగలవా?" అని అడిగాడు. చిన్నప్పుడు తెనాలిలో గంటకింత అని అద్దె సైకిలు తెచ్చుకుని, సీటు అందక కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కినదాన్ని. తర్వాత ముప్ఫై ఏళ్లు హైదరాబాదు ట్రాఫిక్‌లో సైకిలు ఊసే లేదు. అయినా సరేనన్నాను.

బయలుదేరే ముందు గైడు పది నిమిషాలు పాఠం చెప్పింది. కుడివైపునే వెళ్లాలి. మలుపు తిరిగే ముందు ఆ వైపు చెయ్యి చాచాలి. కాలిబాట పక్కన ఎర్రటి రాళ్లు పరిచిన దారి కనిపిస్తే అది సైకిళ్లది, నడిచేవాళ్లు అందులో కాలు పెట్టరు. అన్నిటికన్నా ముఖ్యమైనది బ్రేకు. పెడల్‌ని వెనక్కి తొక్కితే వెనక చక్రం ఆగిపోతుంది. మన సైకిళ్లకి వెనక్కి తొక్కితే గొలుసు ఊరికే తిరుగుతుంది కాబట్టి కాలికి కొత్త అలవాటు చెయ్యాలి. ఖాళీ స్థలంలో నాచేత నాలుగుసార్లు ఆపించి చూసి గానీ ఆవిడ కదలలేదు.

బ్రాండెన్‌బుర్గ్ గేటు దాటగానే టీర్‌గార్టెన్. ఊరి నడిబొడ్డున 210 హెక్టార్లు, అంటే అయిదొందల ఎకరాల పైమాట. ఒకప్పుడు బ్రాండెన్‌బుర్గ్ పాలకులు వేటాడుకున్న అడవి ఇది. పేరుకి అర్థం జంతువుల తోట. పందొమ్మిదో శతాబ్దంలో పేటర్ యోజెఫ్ లెన్నే అనే ఉద్యాన శిల్పి దీన్ని వంపుల దారులతో, చిన్న చిన్న నీటిపాయలతో ప్రజల తోటగా తీర్చిదిద్దాడు. దారికి రెండు పక్కలా ఓక్, బీచ్, లిండెన్ చెట్లు. ఎండ ఎక్కడా నేలకి దిగదు. వందల ఏళ్ల అడవిలో ఉన్నామనే అనుకున్నాను.

ఒక నీటిపాయ పక్కన గైడు మమ్మల్ని ఆపింది. "ఈ చెట్ల వయసెంతో చెప్పండి" అని అడిగింది. రెండొందలని ఒకరు, మూడొందలని ఒకరు అన్నారు. "వీటిలో ఎక్కువ చెట్లు మా అమ్మకన్నా చిన్నవి" అంది ఆవిడ.

రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఇక్కడ రెండు లక్షల చెట్లుండేవట. బాంబులకి కొన్ని పోయాయి. యుద్ధం అయ్యాక వచ్చిన చలికాలాల్లో బొగ్గు లేక, జనం మిగిలినవాటిని కొట్టి పొయ్యిలో పెట్టుకున్నారు. చివరికి ఏడొందల చెట్లు నిలిచాయి. ఖాళీ అయిన నేలని మళ్లుగా విడగొట్టి బంగాళాదుంపలు, కూరగాయలు పండించుకున్నారు. అప్పుడు గైడు వాళ్లమ్మకి ఎనిమిదేళ్లు. అన్నతో కలిసి తోపుడుబండిలో ఇక్కడినుంచి మొద్దులు లాక్కెళ్లిందట. "అమ్మ ఈ పార్కుకి వచ్చినప్పుడల్లా ఏదో ఒక చెట్టుని చేత్తో తాకేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు" అంది గైడు.

1949 మార్చి 17న మేయర్ ఎర్న్‌స్ట్ రాయ్‌టర్ ఇక్కడ మొదటి లిండెన్ మొక్క నాటాడు. అప్పటికి సోవియట్ సేనలు పశ్చిమ బెర్లిన్‌కి రోడ్డు, రైలు దారులన్నీ మూసేసి ఉన్నాయి. తిండీ బొగ్గూ విమానాల్లోనే రావాలి. ఆ దిగ్బంధం రోజుల్లో కూడా మొక్కలు విమానాల్లో వచ్చాయి. పశ్చిమ జర్మనీ నగరాలు రెండున్నర లక్షల మొక్కలు కానుకగా పంపాయి. పదేళ్లపాటు నాటుతూనే ఉన్నారు. గింజ గింజా లెక్కబెట్టుకునే ఊరు విమానంలో మొక్కలకి చోటిచ్చింది. ఆ మాట విన్నాక నేనూ పక్కనున్న చెట్టుని తాకి చూశాను. బెరడు చల్లగా ఉంది.

67 మీటర్ల విజయస్తంభం చుట్టూ ఒక చుట్టు తిరిగి దక్షిణానికి మళ్లాం. పోట్స్‌డామర్ ప్లాట్జ్ అద్దాల మేడలు దాటాక కొద్ది దూరంలోనే రెండో పార్కు. పేరు గ్లైస్‌డ్రైఎక్, పట్టాల త్రికోణం అని అర్థం. పెద్ద గూడ్సు యార్డులుండిన చోటు. యుద్ధం తర్వాత రైళ్లు ఆగిపోయాయి. స్థలం పశ్చిమ బెర్లిన్‌లో ఉన్నా దాని మీద అధికారం తూర్పు జర్మనీ రైల్వేది. అందువల్ల దశాబ్దాలపాటు అటువైపు చెయ్యి పెట్టినవాళ్లు లేరు. పట్టాల మధ్య బర్చ్ చెట్లు మొలిచి అడవయ్యాయి.

దీని మీదుగా మోటారు రహదారి వెయ్యాలని ఒకప్పుడు పథకం వేశారు. 1970లలో చుట్టుపక్కల జనం సంఘం కట్టి ఎదురు నిలిచారు. రహదారి రాలేదు. బెర్లిన్ గోడ కూలాక పోట్స్‌డామర్ ప్లాట్జ్‌లో పెద్దపెద్ద భవనాలు లేచాయి. ఆ కట్టడాలవల్ల ప్రకృతికి జరిగిన నష్టానికి బదులుగా చెల్లించాల్సి వచ్చిన డబ్బే ఈ పార్కుకి పెట్టుబడి అయింది. తూర్పు భాగం 2011లో, పడమటి భాగం 2013లో తెరిచారు.

తూర్పు భాగంలో పాత పట్టాలు తియ్యలేదు. తుప్పుపట్టిన రెండు పట్టాల నడుమ నా నడుమంత లావు బర్చ్ మానులు నిలబడి ఉన్నాయి. కర్ర స్లీపరు ఒకటి సగం మట్టిలో కూరుకుపోయి ఉంటే, దాని పగులులోంచి చిన్న మేపుల్ మొక్క తల ఎత్తింది. సైకిలు దిగి కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. తల మీద ఇనుప వంతెన పైనుంచి పసుపురంగు మెట్రో రైలు గడగడమంటూ పోయింది. కింద పిల్లలు స్కేటుబోర్డుల మీద జారుతున్నారు. ఆ పక్కనే ఒక ముసలాయన బెంచీ మీద కునుకు తీస్తున్నాడు.

అక్కడినుంచి యోర్క్ వీధి మీది పాత రైలు వంతెనల కిందుగా విక్టోరియాపార్కుకి వెళ్లాం. ఈ చదునైన ఊరికి 66 మీటర్ల గుట్ట కూడా కొండే. గుట్ట మీద షింకెల్ అనే వాస్తుశిల్పి రూపకల్పన చేసిన 1821 నాటి స్మారకం ఉంది. దాని కొసన ఉన్న ఇనుప శిలువ వల్లే ఈ పేటకి క్రాయ్‌ట్స్‌బెర్గ్, అంటే శిలువ కొండ, అనే పేరొచ్చింది. సైకిళ్లు కింద పెట్టి, జలపాతం పక్క మెట్లెక్కి, నీళ్లు తాగి దిగేశాం. అందరి మనసూ చివరి మజిలీ మీదే ఉంది.

టెంపెల్‌హోఫ్ మైదానం గేటు లోపలికి వెళ్లగానే గాలి ఎదురొచ్చి సైకిలుని పక్కకి తోసింది. కంటికి అడ్డం లేదు. మూడొందల హెక్టార్లకి పైగా పచ్చిక. దాని మధ్య రెండు విమానాల రన్‌వేలు, ఒక్కొక్కటీ దాదాపు రెండు కిలోమీటర్లు. ఒక అంచున కిలోమీటరు పైన పొడవుతో వంపు తిరిగిన పాత విమానాశ్రయ భవనం. 1948 జూన్‌లో దిగ్బంధం మొదలైనప్పుడు తిండీ బొగ్గూ మోసుకొచ్చిన విమానాలు దిగిన ముఖ్యమైన చోటు ఇది. గేల్ హాల్వర్సన్ అనే అమెరికన్ పైలట్ చేతిరుమాళ్లకి చాక్లెట్లు కట్టి, కంచె అవతల నిలబడ్డ పిల్లలకోసం పైనుంచి వదిలింది ఇక్కడే.

2008 అక్టోబరు 30న ఈ విమానాశ్రయం మూతపడింది. ఆ తేదీ వినగానే నాకు బేగంపేట గుర్తొచ్చింది. అదే ఏడాది మార్చిలో శంషాబాద్ తెరిచి, బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆపేశారు. మా ఇంటి డాబా మీదుగా పోయే విమానాల చప్పుడు ఒక్క రాత్రిలో ఆగిపోయింది.

2010 మేలో బెర్లిన్ ప్రభుత్వం గేట్లు తీసి ఈ మైదానాన్ని జనానికి అప్పగించింది. తర్వాత అంచుల్లో ఇళ్లు, ఒక పెద్ద గ్రంథాలయం కట్టాలనుకుంది. జనం ఒప్పుకోలేదు. సంతకాలు పోగుచేసి, ప్రజాభిప్రాయ సేకరణ దాకా తీసుకెళ్లారు. 2014 మే 25న ఓటు వేసినవాళ్లలో 64 శాతానికి పైగా ఏమీ కట్టొద్దన్నారు. అలా వేసినవాళ్లు ఏడు లక్షలకి పైనే. అది చట్టమైంది.

రన్‌వే మీద సైకిలు తొక్కడం ఎలా ఉంటుందో చెప్పాలి. ముందు కారు లేదు, వెనక హారన్ లేదు. తెల్లగీతల మీదుగా గాలి చెవుల్లో హోరెత్తుతుంటే, తెనాలి కాలవగట్టు మీద తొక్కిన పిల్లని అయిపోయాను. మా వాడు వెనకనుంచి "పిన్నీ, మెల్లగా" అని కేకేశాడు. నేను ఆగలేదు.

గడ్డిలో కొంత మేర తాడు కట్టి, లోపలికి రావద్దని బోర్డు పెట్టారు. భరతపక్షులు నేల మీదే గూడు కట్టి గుడ్లు పెడతాయి, అందుకని. గైడు వేలు పెదవుల మీద పెట్టింది. అందరం ఊరుకున్నాం. గడ్డిలోంచి చిన్న బూడిదరంగు పిట్ట ఒకటి లేచి, రెక్కలు టపటపలాడిస్తూ నిట్టనిలువుగా పైకిపోయింది. చుక్కంతై కనపడకుండా పోయినా దాని పాట మాత్రం ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

తూర్పు అంచున ఇరుగుపొరుగులు పెంచుకునే తోటలున్నాయి. నేల తవ్వకూడదు గనక చెక్క పెట్టెల్లో, పాత స్నానాల తొట్లలో మట్టి పోసి పెంచుతున్నారు. తలకి గుడ్డ కట్టుకున్న టర్కీ పెద్దావిడ నన్ను చూసి, పుదీనా రెమ్మ తుంచి చేతిలో పెట్టింది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. నలిపి వాసన చూసి నవ్వాను. ఆవిడా నవ్వింది.

అక్కడ కూర్చున్నప్పుడు మా వాడు గైడుని అడిగాడు. "ఇక్కడ గది దొరకడానికి నాకు అయిదు నెలలు పట్టింది. అద్దెలు మండిపోతున్నాయి. ఈ అంచుల్లో ఇళ్లు కట్టుంటే నాలాంటివాళ్లకి ఉపయోగపడేవి కదా?" గైడు ఆ ప్రశ్నని తేలిగ్గా తీసుకోలేదు. "మా అమ్మాయీ అదే అంటుంది" అంది. కాసేపాగి, "ఇళ్లు కట్టడానికి ఇంకోచోట వెతకొచ్చు, కష్టమైనా వెతకొచ్చు. దీన్ని మాత్రం ఒకసారి కట్టేశాక మళ్లీ తేలేం. అందుకే వద్దని ఓటు వేశాను" అంది. మా వాడు ఒప్పుకోలేదు. వాడి కష్టం చిన్నది కాదు. కానీ ఇద్దరి మాటా ఓటు దాకా వెళ్లే వీలు ఆ ఊళ్లో ఉంది. నాకు గొప్పగా అనిపించింది అదే.

ఆ సాయంత్రం తొమ్మిదైనా వెలుగు తగ్గలేదు. మొత్తం తొక్కింది ఇరవై కిలోమీటర్ల లోపే. కాళ్లు లాగుతున్నాయి గానీ మనసు తేలిగ్గా ఉంది. చూసిన పార్కుల్లో ఒకటి కాలి బూడిదైన అడవి, ఒకటి వదిలేసిన రైలు యార్డు, ఒకటి మూతపడ్డ విమానాశ్రయం. మూడింటినీ ఇంకోదానికి వాడేసుకోవడానికి గట్టి కారణాలే ఉన్నాయి. అయినా జనం పట్టుబట్టి పచ్చగా ఉంచుకున్నారు. పార్కంటే కట్టడాలకి పోగా మిగిలిన నేల అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. జనం పనిగట్టుకుని మిగుల్చుకున్న నేల అని ఆ రోజు తెలిసింది.

హైదరాబాదుని తోటల నగరం అనేవారు. బషీర్‌బాగ్, జాంబాగ్, రాంబాగ్, కుందన్‌బాగ్ అన్నీ బాగ్‌లే. ఇప్పుడు తోట పేరులోనే ఉంది. అయినా మనకీ మిగుల్చుకున్నవి ఉన్నాయి. జూబ్లీహిల్స్ మధ్యలో కేబీఆర్ పార్కుని 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించబట్టే ఇవాళ అక్కడ నెమళ్లు తిరుగుతున్నాయి. 2016లో ఫ్లైఓవర్ల కోసం దాని చుట్టూ చెట్లు కొడతారని తెలిసి, పొద్దున్నే నడకకొచ్చేవాళ్లు చేతులు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లూ మా గైడు లాంటివాళ్లే.

బెర్లిన్‌లో చదువుకునే మన పిల్లలున్న ఇళ్లు ఇప్పుడు తెలుగునాట చాలానే ఉన్నాయి. చూడ్డానికి వెళ్తే ఒక రోజు సైకిలుకి కేటాయించండి. టెంపెల్‌హోఫ్‌లోకి వెళ్లడానికి టిక్కెట్టు లేదు. వెళ్లలేనివాళ్లు మీ వాడలో ఉన్న పార్కుకి ఈ ఆదివారం వెళ్లండి. అక్కడి పాత చెట్టు ఎవరు నాటారో, ఆ స్థలం కబ్జా కాకుండా ఎవరు నిలబడ్డారో పెద్దవాళ్లని అడిగి తెలుసుకోండి. రేపు ఆ నేల మీద ఎవరైనా కన్నేస్తే, కాపాడుకోవాల్సింది ఆ కథ తెలిసిన మనమే.