నిస్తంత్రి మూగనోము

పద్యానికి అర్థం చెప్పేటప్పుడు మా గురువులు ఒక క్రమం తప్పనిచ్చేవారు కారు. ముందు పదవిభాగం, ఆపై ప్రతిపదార్థం, అటుపిమ్మట అన్వయం, చివరకే తాత్పర్యం. పదాలు విడదీయకుండా తాత్పర్యానికి దూకినవాడు తన ఊహ చెబుతాడే గాని పద్యార్థం చెప్పడు. లినక్సు ఉన్న ల్యాప్‌టాప్‌లో వైఫై మూగనోము పట్టినప్పుడు కూడా ఈ క్రమమే అక్కరకు వస్తుందని 2022లో నాకు అనుభవమయింది.

శిష్యుడొకడు తన పాత ల్యాప్‌టాప్ ఇస్తే దానిలో డెబియన్ 11 స్థాపించుకున్నాను. అమెరికాలో ఉన్న మనుమరాలికి ఆదివారాలు పద్యాలు చెప్పడానికి అది కావలసివచ్చింది. అంతా సవ్యంగానే ఉన్నది, వైఫై పేర్ల జాబితా మాత్రం శూన్యం. మరమ్మతు దుకాణంలో చూపించగా, "కార్డు పోయింది మాస్టారూ, కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోండి" అని ఒక్క మాటలో తేల్చేశారు. పింఛనుదారుకు అది చిన్న మాట కాదు.

ఇంటికి వచ్చి టెర్మినల్ తెరిచి ఒక్కొక్క ప్రశ్నే అడిగాను.

మొదటిది, కార్డు ఉన్నదా? ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ అనే ఆదేశం యంత్రంలోని భాగాలకు హాజరు పిలుస్తుంది. వైఫై కార్డు పేరు అందులో స్పష్టంగా వినిపించింది. పూర్తిగా చచ్చిన కార్డు హాజరు పలకదు గదా!

రెండవది, ఎవరైనా దాని నోరు నొక్కారా? ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ ఆ సంగతి చెబుతుంది. మీటతో ఆపితే హార్డ్ బ్లాక్, ఆజ్ఞతో ఆపితే సాఫ్ట్ బ్లాక్. నా యంత్రంలో ఏ అడ్డూ కనబడలేదు.

మూడవది, కెర్నెల్ ఏమంటున్నది? ‘సుడో డీఎంఈఎస్‌జీ’ అనగానే వందల పంక్తులు దొర్లాయి. వాటి నడుమ ఒక పంక్తి: ఫర్మ్‌వేరు ఫైలును ఎక్కించలేకపోయాను, దోషం మైనస్ 2. యూనిక్సు సంప్రదాయంలో 2వ దోషానికి అర్థం, అటువంటి ఫైలు లేదని. తాత్పర్యం అక్కడ తేలింది.

కార్డులోని చిన్న ప్రాసెసరుకు తన పని తనకు తెలియదు. యంత్రం మేల్కొన్నప్పుడు డ్రైవరు దానికి ఫర్మ్‌వేరు అనే పాఠం అందించాలి. ఆ పాఠపు మూలాన్ని తయారీదారులు సాధారణంగా బయటపెట్టరు. మూలం అందరికీ తెరిచి ఉండాలనే నియమం గల డెబియన్, అప్పట్లో అటువంటి ఫర్మ్‌వేరును అధికారిక స్థాపక డిస్కులో చేర్చక ‘నాన్‌ఫ్రీ’ విభాగంలో విడిగా ఉంచేది. 2022లోనే సభ్యులు ఓటు వేసి ఆ పద్ధతి మార్చుకున్నారు. 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12 మొదలుకొని అది డిస్కులోనే వస్తున్నది.

ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి, టెథరింగ్ ద్వారా తాత్కాలికంగా అంతర్జాలం తెచ్చుకున్నాను. ప్యాకేజీల మూలాల పట్టికలో ‘నాన్‌ఫ్రీ’ చేర్చి, ‘ఆప్ట్’ ద్వారా తగిన ఫర్మ్‌వేరు స్థాపించి, యంత్రాన్ని తిరిగి ప్రారంభించాను. ఇరుగుపొరుగు ఇళ్ల వైఫై పేర్లన్నీ బారులు తీరి కనబడ్డాయి. అయిన ఖర్చల్లా కాస్త ఫోన్ డేటా.

వైఫై కలిసినా పేజీలు తెరుచుకోని సందర్భాలూ ఉంటాయి. అప్పుడు కూడా వరుస తప్పరాదు. ‘ఐపీ అడ్రస్’ ఆదేశంతో మన యంత్రానికి చిరునామా దక్కిందో లేదో చూడాలి. పిమ్మట రౌటరును, ఆపై 8.8.8.8 వంటి బయటి చిరునామాను ‘పింగ్’ చేయాలి. అంకెలకు బదులు వచ్చి పేర్లకు రాకపోతే, పేరును అంకెలుగా మార్చే డీఎన్‌ఎస్ వద్ద చిక్కు ఉన్నదన్నమాట.

బడిలో ఉన్న రోజుల్లో "వీడికి చదువు రాదు" అని వెనుక బెంచీకి చేరిన పిల్లలను ఎందరినో చూశాను. వారిలో కొందరికి రానిది చదువు కాదు, పుస్తకం. పక్కన కూర్చుని అడిగితే గాని ఆ మాట బయటపడేది కాదు. దుకాణంవారు చచ్చిందన్న ఆ కార్డుతోనే మా ఆదివారపు పాఠాలు సాగాయి.