పేరు పోయినా వరస పోలేదు

బెజవాడ ఆటోనగర్‌లో అడుగు పెట్టగానే ముందు చెవులు మూసుకోవాలి. ఆ తరువాత కళ్ళు తెరవాలి. ఒక షెడ్డులో రేకు మీద సుత్తిదెబ్బలు. పక్క షెడ్డులో లారీ బాడీకి చెక్క కోస్తున్న రంపం. లారీ కింద వెల్లకిలా పడుకున్న మేస్త్రీ ఒకాయన నాకు పాఠం చెప్పాడు.

"ముందు ఇంజనండీ. దాని వెనకాల క్లచ్చి, గేరుబాక్సు. అక్కణ్ణుంచి షాఫ్టు వెనక చక్రాలకి. మామూలు లారీకి ఇదే వరసండి."

"ఈ వరస పెట్టిందెవరో?"

"ఎవరో తెల్లవాడై ఉంటాడండీ!" అని నవ్వాడు.

తెల్లవాడే, పరాసుదేశంవాడు. పేరు ఎమిల్ లెవసోర్. పారిస్‌లో పానార్‌తో కలిసి కర్రకోత యంత్రాలు తయారుచేసేవాడు. జర్మనీ డైమ్లర్ ఇంజనుకు ఫ్రాన్సులో హక్కులు లూయీజ్ సారజాన్ అనే వితంతువు చేతిలో ఉండేవి. 1890లో ఆమెను పెళ్ళాడాడు. మరుసటి యేడు ఇంజనును బండి ముందుకు తెచ్చి ఈ వరస కుదిర్చాడు. 1895లో పారిస్ నుంచి బోర్డో పోయి తిరిగివచ్చే పందెంలో సుమారు 1,180 కిలోమీటర్లు 48 గంటల 48 నిమిషాల్లో నడిపి అందరికన్నా ముందు వచ్చాడు. అయినా మొదటి బహుమతి దక్కలేదు! నిబంధన ప్రకారం నాలుగు సీట్లుండాలి. అతని బండిలో ఉన్నవి రెండే. మరుసటి యేటి పందెంలో దెబ్బ తిని, 1897లో కన్నుమూశాడు.

2014లో తయారీ ఆగిపోయిన మన అంబాసిడరుదీ ఆ వరసే. చిత్రమేమంటే, పానార్ వారే 1954 నాటి తమ డినా సలూన్‌లో దాన్ని వదిలేశారు. అల్యూమినియం బాడీ, 850 సి.సి. ఇంజను, తిరిగేవి ముందు చక్రాలు.

"రెండే సిలిండర్లు. ఆరుగురు కూర్చోవచ్చు" అన్నాను.

మేస్త్రీ లారీ కిందనుంచి బయటికొచ్చేశాడు. "రెంటితో ఆరుగుర్నా! నీళ్ళు పోస్తే చల్లబడుతుందాండీ?"

"నీళ్ళు లేవు. గాలే."

ఆ కంపెనీ 1965లో సిత్రోయెన్‌లో కలిసిపోయింది. 1967లో పానార్ కార్లు ఆగిపోయాయి. అంతా విని మేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు. "ఆ పెద్దాయన పేరు మళ్ళీ చెప్పండి బాబూ" అన్నాడు. చెప్పాను. రెండుసార్లు తనలో తాను అనుకున్నాడు.

అక్కడినుంచి బస్సులో ఉయ్యూరు, పామర్రు దాటి బందరు చేరాను. పరాసులు 1669లో ఇక్కడ వర్తకానికి దిగారు. వారికి మిగిలిన చిన్న స్థలం 1947లో మన దేశంలో కలిసింది. వర్తకం పోయింది, పరాసుపేట అన్న పేరు మిగిలింది. లెవసోర్‌ది తలకిందుల కథ. పేరు పోయింది, పని మిగిలింది. పరాసుపేటలో నిలబడి ఉండగా ధాన్యం బస్తాల లారీ ఒకటి నన్ను దాటిపోయింది, ముందు ఇంజను, వెనక బరువు. ఆ పేరు తెలిసినవాడు ఆటోనగర్‌లో ఇప్పుడు ఒకడైనా ఉన్నాడు.