చత్వారం పోయిందనుకున్న ఏడాది

నా కంటి సంగతి తెలిసినవాళ్లు మొదట అడిగేది ఒకటే. "స్వీట్లు బాగా తినేదానివా?" అని. లేదు. పండక్కి రెండు అరిసెలు, పెళ్లికెళితే ఒక లడ్డూ, అంతే. మిఠాయి కొట్టుకు పనిగట్టుకుని వెళ్లిన మనిషిని కాను. నా ఒంట్లోకి చేరిన పంచదారంతా గ్లాసుల్లోంచి చేరింది. టీ గ్లాసు, కూల్‌డ్రింకు గ్లాసు, ఎండాకాలంలో నిమ్మకాయ నీళ్ల గ్లాసు. నమలకుండా దిగిపోయేదాన్ని తిండి కింద ఎవరు లెక్కేస్తారు?

మాది తెనాలి. పాతికేళ్ల నుంచి ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. మాఘమాసం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే మా పనిలో కంటి మీద కునుకుండదు. ముహూర్తం ఎల్లుండనగా గుడ్డ తెచ్చి, ఆది జాకెట్టుతో సహా మిషను మీద పడేసి, "అక్కా, ఎలాగైనా ఇవ్వాలి" అని వెళ్లిపోతారు. కత్తిరింపు, లైనింగు, పైపింగు, హెమ్మింగు, హుక్సు. కూర్చుని అన్నం తినే తీరిక దొరకదు గానీ టీ ఒక చేత్తో తాగొచ్చు. రోజుకు ఏడెనిమిది టీలు పడేవి. గ్లాసుకు రెండు చెంచాల పంచదార, పక్కన బిస్కెట్లు. వచ్చేపోయే ఖాతాదారులకు పోయడానికి ఫ్రిజ్‌లో రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా ఎప్పుడూ ఉండేది. రాత్రి పదకొండు దాటాక నిద్ర ఆపుకోవడానికి అందులోంచి నేనూ ఒక గ్లాసు వంపుకునేదాన్ని. నెల సరుకుల చీటీలో నలుగురికి అయిదు కిలోల పంచదార రాసేవాళ్లం. "ఈ ఇంట్లో చీమలు కూడా ఒళ్లు చేశాయి" అనేది మా అత్తయ్య.

నలభై రెండో ఏట చత్వారం వచ్చింది. మా వృత్తిలో అది మామూలే. కళ్లజోడు పెట్టుకుంటే తప్ప సూదిలోకి దారం ఎక్కేది కాదు. మరుసటి సంవత్సరం ఒక విచిత్రం జరిగింది. జోడు ఎక్కడ పెట్టానో కనపడక ఊరికే ప్రయత్నించి చూస్తే దారం ఒక్కసారికే ఎక్కింది. మర్నాడూ అంతే. చత్వారం దానంతటదే పోయిందని ఇంటికొచ్చిన వాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను. కాకపోతే బస్సు మీద ఊరి పేరు అలికినట్టు కనిపించేది. కళ్లజోళ్ల కొట్టతను అద్దాలు మార్చి మార్చి చూసి, "దూరం నంబరు వచ్చిందమ్మా, దగ్గర మాత్రం బాగుంది, అదృష్టవంతులు" అని కొత్త జోడు ఇచ్చాడు.

అదే రోజుల్లో రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేచేదాన్ని. చెంబెడు నీళ్లు తాగినా నోరు పిడచ కట్టేది. దాహమని మళ్లీ ఆ సీసా దగ్గరికే పోయేదాన్ని. ఆడవాళ్లం పైకి చెప్పుకోని చోట దురద. మందుల షాపులో ఏదో పూత అడిగి తెచ్చుకుంటే నాలుగు రోజులు తగ్గేది, మళ్లీ వచ్చేది. ఇది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను, ఎందుకంటే చాలామంది ఆడవాళ్లలో షుగర్ మొదట బయటపడేది ఇక్కడే అని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. మూత్రంలో చక్కెర పోతుంటే బూజు జాతి సూక్ష్మజీవులకు అక్కడ మేత దొరుకుతుంది. ఒళ్లు తగ్గింది. నా జాకెట్లకు నేనే పక్క కుట్లు లోపలికి పట్టుకున్నాను. "సన్నబడ్డావక్కా, ఏం చేస్తున్నావు?" అని అసూయగా అడిగినవాళ్లున్నారు.

చివరికి బయటపెట్టింది కత్తెర. జారి కాలి బొటనవేలి మీద పడింది. చిన్న గాటు నెల గడిచినా మానలేదు. రక్తపరీక్ష చేయిస్తే పరగడుపున 318 వచ్చింది. ఇది 126 చేరితేనే జబ్బు కింద లెక్క. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష 12.6. అది 6.5 దగ్గరే షుగర్ అంటారు. రెండో కాన్పప్పుడు నాకు షుగర్ ఉందని అన్నారు, బిడ్డ పుట్టగానే పోయిందనీ అన్నారు. అలా వచ్చిపోయిన వాళ్లకు ముందుముందు అది నిలిచిపోయే ప్రమాదం చాలా ఎక్కువనీ, పరీక్షలు మానకూడదనీ ఆ పదిహేనేళ్లలో నాతో అన్నవాళ్లు లేరు. మా నాన్నకూ షుగరే.

ఆహారం గురించి చెప్పే అమ్మాయి నా రోజంతా అడిగి కాగితం మీద కూడింది. చెంచాకు అయిదు గ్రాములనుకుంటే టీల్లోనే 70, 80 గ్రాములు. పావు లీటరు కోలా పానీయంలో 26 గ్రాముల దాకా. బిస్కెట్లు వేరే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 25 గ్రాములు దాటొద్దంటుంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకా మంచిదని చెప్పిన హద్దూ సుమారుగా అంతే. నేను మధ్యాహ్నం లోపే దాన్ని దాటేదాన్ని. పంచదారలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజును ఒళ్లంతా వాడుకుంటుంది, ఫ్రక్టోజు మాత్రం ఎక్కువ భాగం కాలేయం నెత్తిన పడుతుంది. మోయలేనిదాన్ని కొవ్వుగా మారుస్తుంది కాలేయం. స్కానింగులో నాకు కాలేయానికి కొవ్వు పట్టిందని వచ్చింది, చుక్క మందు ముట్టని దాన్ని. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు. క్లోమం ఇంకా ఇంకా ఊరించి ఊరించి చివరికి అలిసిపోతుంది. అయితే అన్నీ పంచదార మీదకు తోసెయ్యొద్దని కూడా చెప్పింది ఆ అమ్మాయి. నాన్న నుంచి వచ్చింది, కాన్పులో తొంగిచూసింది, పద్నాలుగు గంటలు మిషను ముందు కదలకుండా కూర్చోవడం, పెద్ద కంచం అన్నం, వీటన్నిటి మీద ఆ గ్లాసులు. నాకు న్యాయంగా తోచింది ఆ లెక్క.

మాత్రలు మొదలుపెట్టిన మూడు వారాలకు దగ్గర చూపు పోయింది. సూది బెజ్జం కాదు, సూదే కనపడలేదు. "మాత్రల వేడికి కళ్లు పోతున్నాయి, ఆపెయ్" అని పక్కింటావిడ గట్టిగా చెప్పింది. డాక్టరమ్మ నవ్వింది. రక్తంలో చక్కెర పెరిగి కంటికటకం నీళ్లు పట్టి ఉబ్బిందట, దానివల్లే అన్నాళ్లు దగ్గర బాగా, దూరం మసగ్గా కనిపించింది. ఇప్పుడు ఉబ్బు దిగి, నా వయసుకు ఉండాల్సిన చత్వారం తిరిగొచ్చింది. షుగర్ కుదురుకున్నాకే కళ్లజోడు రాయించుకోవాలంది. ఏడాది పాటు నేను మురిసిపోయింది రోగాన్ని చూసి. అంత బాగా చూసే కంటికి పరీక్ష ఎందుకనుకున్నారు కాబోలు, షుగర్ తేల్చినచోట కంటి వెనక పొర చూపించుకోమని ఎవరూ రాయలేదు. పెద్దయ్యాక వచ్చే షుగర్ తెలిసిన రోజే రెటీనా చూడాలి. ఎందుకంటే మనకు తెలిసేసరికే అది లోపల ఏళ్ల తరబడి కాపురం చేసి ఉంటుంది.

నాలుగు నెలల తర్వాత, లేత పసుపు పట్టు జాకెట్టు చేతికి హెమ్మింగు చేస్తున్నాను. గుడ్డ మీద నల్ల వెంట్రుక ఒకటి పడింది. ఊదాను. పోలేదు. గోటితో తీయబోతే అందలేదు. చూపు పక్కకు తిప్పితే వెంట్రుక కూడా గోడ మీదికి వచ్చింది. ఎడమ కన్ను మూస్తే ఉంది, కుడి కన్ను మూస్తే లేదు. చూస్తుండగానే ఆ వెంట్రుక తెగి రెండైంది, చుట్టూ మసి చుక్కలు రాలాయి. అరగంట తిరక్కుండా కుడి కన్ను ముందు పొగ కమ్మింది, సిరా చుక్క నీళ్లలో వేస్తే పాకినట్టు. నొప్పి ఇంత కూడా లేదు. నొప్పి ఉంటే బాగుండేది. ఇంట్లోవాళ్లు పొద్దున దాకా ఆగేవాళ్లు కాదు.

విజయవాడ కంటి ఆసుపత్రిలో చుక్కలు వేసి, కనుపాప పెద్దదయ్యాక తల మీద లైటు పెట్టుకుని చూశారు. చేతి నరానికి పసుపు రంగు మందు ఎక్కించి ఫొటోలు తీశారు. కడుపులో తిప్పింది, మర్నాటి వరకూ ఒళ్లూ మూత్రమూ పసుపే. తెర మీద నా రెటీనా చూపించి చెప్పాడు డాక్టరుబాబు. చక్కెర ఎక్కువైన రక్తం ఏళ్ల తరబడి పారితే సన్నటి రక్తనాళాల గోడలు పాడవుతాయి. కొన్ని కారతాయి, కొన్ని మూసుకుపోతాయి. ప్రాణవాయువు అందని చోట కన్ను కొత్త నాళాలు మొలిపిస్తుంది. అవి నాసిరకం, ఊరికే చిట్లుతాయి. వెంట పీచులాంటి పొర పెరిగి రెటీనాను లాగుతుంది. నా కుడి కంట్లో లాగేసింది. ఎడమ కంట్లో నాళాలు మొలిచాయి, ఇంకా చిట్లలేదు. ముదిరిన కంటికి షుగర్ ఒక్కసారిగా దిగినప్పుడు మొదట్లో కొంత ఎక్కువవడమూ ఉంటుందట. అయినా దించక తప్పదు, ముందే కన్ను చూసి ఉంటే జాగ్రత్తపడేవాళ్లం అన్నాడు.

ఎడమ కంటికి లేజరు. నడిమి చూపు దక్కాలని చుట్టుపక్కల పొరను కావాలని కాలుస్తారు. వందల చుక్కలు. ఒక్కో మెరుపుకూ కంటి వెనక చీమ కుట్టినట్టు, కొన్నిచోట్ల కణతలోకి పోటు. దాని ఫలితంగా రాత్రిపూట చూపు మందగించింది, సందులో పక్కనుంచి వచ్చే సైకిలు కనపడదు. ఆపైన ఇంజెక్షన్లు, నేరుగా కంట్లోకి. వినగానే మా ఆయన మొహం తెల్లబోయింది. నాకు అంత భయం వేయలేదు, సూది అంటే జీవితమంతా చేతిలో ఉన్నదే. మత్తు చుక్కలు పడ్డాక నొక్కినట్టు తెలుస్తుంది, అంతే. అంతకంటే బాధ రెప్పలు మూయకుండా పెట్టే క్లిప్పు.

కుడి కంటికి ఆపరేషను చేశారు. కన్ను పక్కన మత్తు ఇచ్చారు గానీ మెలకువగానే ఉన్నాను. మూడు చిన్న రంధ్రాలు పెట్టి, లోపలి జిగురును రక్తంతో సహా కత్తిరించి పీల్చేసి, పొరలు ఒలిచి, రెటీనా మళ్లీ ఊడకుండా సిలికాన్ నూనె నింపారు. గొలుసు తాకట్టు పెట్టాం. ఆ తర్వాత వచ్చినదే అసలు శిక్ష. నూనె పైకి తేలి రెటీనాను అదమాలంటే తల కిందికి వంచి ఉండాలి. తినేటప్పుడు, పడుకునేటప్పుడు, ఎప్పుడూ. వారం పైన అలాగే ఉన్నాను. మెడ పట్టేసింది, మోచేతులు కమిలాయి. చూడ్డానికొచ్చిన వాళ్ల మొహాలు కనపడవు, చీర అంచులు, పాదాలు. మిగిలిన కంటితో ఎవరి చీరకు ఫాల్ ఎవరు కుట్టారో పోల్చుకుంటూ కాలక్షేపం చేసేదాన్ని. ఒకావిడ ఫాల్ కుట్టు పైకి కనిపిస్తోంది, నేను కుట్టింది కాదు. వచ్చినవాళ్లు పళ్లరసం డబ్బాలు, తీపి బిస్కెట్లు, పాలల్లో కలిపే పొడులు తెచ్చారు. రోగిని చూడబోతూ మనం పట్టుకెళ్లేది పంచదారే, గమనించండి.

కొన్ని నెలలకు నూనె తీశారు. శుక్లం వచ్చిందని దానికీ చేశారు, ఇలాంటి ఆపరేషన్ తర్వాత అది త్వరగా వస్తుందట. కుడి కంటితో ఇప్పుడు మనిషిని పోల్చుకోగలను, దారాన్ని పోల్చుకోలేను. ఎడమ కన్ను నిలబడింది. కత్తిరింపు, మిషను కుట్టు నేనే చేస్తాను. హెమ్మింగు, హుక్సు బయటికిస్తున్నాను, జాకెట్టుకు అంత మేర నా కూలి తగ్గింది. సన్నటి దారం పని వచ్చిన రోజుల్లో అది చేత్తో పట్టుకుని ఊరికే చూస్తుంటాను, వేళ్లు తమంతట తాము కదులుతాయి.

పంచదార లేని టీ మొదట పది రోజులు కషాయంలా ఉంది. ఇప్పుడు ఎవరైనా తెలియక వేసి ఇస్తే గొంతు దిగదు. ఒప్పించలేనిది పక్కవాళ్లనే. "బెల్లం వేశాను వదినా, బెల్లానికి ఏం కాదు" అంటారు. బెల్లమూ ఎక్కువ భాగం అదే చక్కెర. "తేనె?" అదీ అంతే. "సగం చెంచానే" అంటారు. ఇంటింటికీ సగం చెంచా అయితే ఊరు దాటేసరికి ఎన్ని చెంచాలు? వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. ఇంత మంది ఉన్న దేశంలో ఒట్టి టీ అడిగితే వింతగా చూడ్డం ఏమిటో నాకు అర్థం కాదు.

పోయిన నెల సీమంతం జాకెట్టుకు ఒక పిల్ల వచ్చింది. ఏడో నెల. కొలతలు తీస్తుంటే, "గ్లూకోజు నీళ్లు తాగించి చూశారాంటీ, షుగరన్నారు. కాన్పవగానే పోతుందటగా?" అంది. పోవచ్చు. కానీ కాన్పయిన ఆరు వారాల తర్వాత మళ్లీ ఆ నీళ్ల పరీక్ష చేయించుకోవాలనీ, బాగానే ఉన్నా ఆ తర్వాత మానకూడదనీ చెప్పాను. ఆ పిల్ల తలూపింది గానీ పసిబిడ్డతో ఆమెకు గుర్తుంటుందన్న నమ్మకం నాకు లేదు. కాన్పు తేదీ అడిగి, కొలతల పుస్తకంలో చేతి పొడవు, మెడ లోతు కింద, ఆరు వారాలు కలిపి తేదీ రాసుకున్నాను. ఫోను నేనే చేస్తాను. జాకెట్టు పక్క కుట్ల లోపల రెండంగుళాల గుడ్డ వదిలాను, బిడ్డ పుట్టాక విప్పుకోవడానికి.