ఇనుమునకు పీత డెక్కలు

కోయంబత్తూరు ప్రాంతపు నల్లరేగడిని నమ్ముకొని తరతరములుగా నిలిచిన తెలుగు కుటుంబములలో మాదియు నొకటి. ఇంట తెలుగు, అంగడిలో తమిళము మాటలాడుదుము. వేరుసెనగ లేతాకులు, ఈనెలు పచ్చగ నుండగనే నడుమ పసుపుబారి, పిమ్మట తెలుపెక్కుట మేము పలుమార్లు చూచితిమి. దీనికి యూరియా చల్లువారు నేటికిని కలరు. నత్రజని చాలనిచో ముదురాకులు ముందుగ పాలిపోవును. ఇనుము చాలనిచో లేతాకులు. ఏలయన ముదురాకులోని ఇనుము లేతాకునకు సులభముగ తరలిపోదు. ఈ భేద మెరిగినచో ఎరువు డబ్బు కొంత మిగులును.

విచిత్రమేమనగా, ఆ నేలలో ఇనుమునకు కరవు లేదు. భూమి పైపొర బరువులో నూటికి సుమారు 5 పాళ్లు ఇనుమే. కాని సున్నము హెచ్చైన నేలలో అది తుప్పువలె బిగిసి నీట కరగదు. గాదె నిండ ధాన్యముండి తాళపుచెవి పోయిన ఇంటివారి గతియే వేరునకును. అన్నభేది వేసినను కొలది దినములకే అదియు తుప్పగును.

ఇచ్చటనే చిలేటు అక్కరకు వచ్చును. గ్రీకు భాషలో 'ఖేలే' యనగా పీత డెక్క. 1920లో మోర్గన్, డ్రూ అను బ్రిటిష్ రసాయనజ్ఞులు దానినుండియే ఈ పేరు పెట్టిరి. ఒక సేంద్రియ అణువు ఇనుప అయానును ఒక్కచోట గాక పెక్కుచోట్ల పట్టుకొనును. ఈ.డి.టి.ఎ. అను దానికి ఆరు పట్లు. ఒక పట్టు సడలినను తక్కినవి విడువవు గనుక, ఇనుము తుప్పుగ మారక నీటితో వేరు దాక చేరును. అచ్చట వేరుసెనగ వేరు తన ఎంజైముతో ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్‌గ మార్చి లోనికి గైకొనును. డెక్క బయటనే నిలిచిపోవును.

ఫ్లారిడా నారింజ తోటల పసుపును ఈ.డి.టి.ఎ. ఇనుముతో కుదిర్చినట్లు స్టూవర్ట్, లెనర్డ్ 1952లో ప్రకటించిరి. అచ్చటివి ఆమ్లనేలలు. పి.హెచ్. 6.5 మించినకొలది ఆ డెక్క ఇనుమును వదలి కాల్షియమును పట్టుకొనును. (డబ్బా అమ్మువారు ఈ మాట చెప్పుట అరుదు!) డి.టి.పి.ఎ. సుమారు 7.5 దాక నిలుచును. 8 దాటిన మా నేలకు ఈ.డి.డి.హెచ్.ఎ. కావలెను, నీట కలిపిన ఎర్రనగును, ఖరీదు మాత్రము బరువు. అంత పెట్టలేనివారు అన్నభేదిలో కొంచెము నిమ్మ ఉప్పు కలిపి ఆకులపై పిచికారి చేయుట మేలని మా అభిప్రాయము. నిమ్మ ఉప్పు కూడ చిన్నపాటి డెక్కయే.

బార్లీ వంటి గడ్డిజాతి మొక్కలు ఎవరిని యాచింపవు. వేళ్ల నుండి తామే డెక్కలను వదలి, ఇనుము చిక్కగనే డెక్కతో సహా లోనికి తీసికొనును. జపానులో తకాగి 1976లో ఈ సంగతి వెల్లడించెను. జొన్నయు గడ్డిజాతిదే గాని, బార్లీవలె ఉదారముగ డెక్కలను వదలదు. అందుచే సున్నపు చేలలో అది త్వరగ తెల్లబారుచుండును.