ఆషాఢం గాలిలో జేజి పాట

మా జేజికి ఎనభై దాటాయి. ఆమె దగ్గర ఒక కలుపు పాట ఉంది. చెనక్కాయ చేలో ఆడవాళ్లు వరసగా కూర్చుని కలుపు తీస్తూ పాడుకునేది. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాలి. అందుకునేవాళ్లు ఇప్పుడు మా ఊర్లో ఇద్దరో ముగ్గురో మిగిలారు.

రెండేళ్ల కిందట ఒక చిన్న చేతి రికార్డర్ కొనుక్కుని ఊరికి పోయాను. జేజిని వాకిట్లో కూర్చోబెట్టి పాడించాను. బెంగళూరు తిరిగొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ముందు గాలి వినిపించింది. గాలి వెనక ‘స్‌స్‌స్’ అని ఒకటే రొద. ఆ రెండిటి వెనక ఎక్కడో జేజి.

ఈసారి అలా కాకూడదని గట్టిగా అనుకున్నాను. వృత్తి సాఫ్ట్‌వేర్ కాబట్టి నెల రోజులు స్పెసిఫికేషన్లు చదివాను. షార్ట్ ఫిల్ములకు సౌండు చేసే ఫ్రెండు దగ్గర జూమ్ ఎఫ్6 అడిగి తీసుకున్నాను. సౌండ్ డివైసెస్ కంపెనీ మిక్స్‌ప్రీ-3 రెండో తరం మెషీన్ రెండు రోజులకు అద్దెకు తెచ్చాను. పాత చేతి రికార్డర్ కూడా బ్యాగులో పడేశాను. మూడింటినీ మా సీమలోనే పరీక్ష పెట్టి చూద్దామని ప్లాను.

వానలేని గాలి

బెంగళూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద చిక్‌బళ్లాపూర్, బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గరికొస్తే మన రాష్ట్రం. అక్కడి నుంచి పచ్చదనం తగ్గుతూ పోతుంది. ఎర్రనేల, గుండ్రాళ్ల గుట్టలు, నీళ్లు లేని చెరువులు. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లాను రెండు చేశాక పెనుకొండ, రామగిరి, ధర్మవరం శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. మా జేజికి మాత్రం అంతా అనంతపురమే.

ఈ పీఠభూమిలో ఏడాదికి పడేది సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ నమ్మకం లేదు. నైరుతి రుతుపవనాలు నీళ్లన్నీ పడమటి కనుమల అవతలే దింపేసి, ఇటు వట్టి గాలిని పంపిస్తాయి. ఈశాన్య రుతుపవనాలకేమో మేం సముద్రానికి మరీ దూరం. అందుకే మాకు ఆషాఢం అంటే వానకంటే ముందు గాలి గుర్తొస్తుంది. ఆ గాలిని చూసే 1990 దశకంలోనే రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టారు.

నా మొదటి పరీక్ష ఆ కొండల కిందే. ఒక కండెన్సర్ మైకుకు మామూలు స్పాంజి తొడుగు వేసి, మూడు మెషీన్లకూ మార్చి మార్చి తగిలించాను. మూడింట్లోనూ వచ్చింది ఒకటే, ‘భుడభుడభుడ’. అద్దెకు తెచ్చిన ఖరీదైన మెషీన్‌లో ఇంకా స్పష్టంగా భుడభుడ!

తర్వాత మైకును బుట్టలాంటి గూట్లో పెట్టి, పైన బొచ్చు తొడుగు తొడిగాను. చూడ్డానికి కుక్కపిల్లలా ఉంటుంది. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి, "అదేమి జంతువు నాయనా?" అని అడిగాడు. ఆ తొడుగు పడగానే పాత రికార్డర్‌లో కూడా గాలిమర రెక్క తిరుగుతున్న చప్పుడు విడిగా తెలిసింది. గాలి మైకు పొరను నేరుగా తోస్తుంటే లోపల ఎంత మంచి మెషీన్ ఉన్నా చేసేదేం లేదు. చెడేది వైరులోకి రాకముందే చెడిపోతుంది.

పెట్టె చేసే పని

ఇంతకీ ఈ పెట్టెలు చేసేదేంటి? మైకు నుంచి వచ్చే సంకేతం చాలా చిన్నది, మిల్లీవోల్టుల లెక్క. దాన్ని వందల రెట్లు పెంచేది ప్రీఆంప్. పెంచేటప్పుడు తన సొంత రొదను కూడా కాస్త కలుపుతుంది. ఆ రొద ఎంతో చెప్పే అంకె స్పెసిఫికేషన్లో ఉంటుంది. ఎఫ్6కు మైనస్ 127 డీబీయూ, మిక్స్‌ప్రీకి మైనస్ 128. మైనస్ ఎంత పెద్దదైతే రొద అంత తక్కువ. మిక్సర్ పని వేరు. రెండు మూడు మైకుల నుంచి వచ్చేవాటిని ఎవరి గొంతు ఎంత ఉండాలో చూసి కలుపుతుంది. ఈ కొత్త మెషీన్లు ప్రీఆంప్, మిక్సర్, రికార్డర్ మూడు పనులూ చేస్తాయి.

మన సినిమాల్లో డబ్బింగ్ అలవాటు కాబట్టి వీటి గురించి పెద్దగా వినం. ‘లగాన్’ లాంటి సినిమాను 2001లోనే లొకేషన్ సౌండుతో తీశారంటే, ఆ ఎడారి గాలిలో సౌండు వాళ్లు ఎంత కష్టపడి ఉంటారో నాకు రామగిరిలో అర్థమైంది.

విరాటపర్వం రాత్రి

రెండో పరీక్ష పక్క ఊర్లో తోలుబొమ్మలాట. వాన పడకపోతే విరాటపర్వం ఆడించడం పాత అలవాటు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరున్న ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. అయితే ఇప్పుడు ఆటలకంటే తోలుతో చేసే దీపాల షేడ్లకే గిరాకీ ఎక్కువ. కాబట్టి ఆట దొరికినప్పుడు వదులుకోకూడదు.

తెర వెనక హార్మోనియం, మద్దెల, తాళాలు. ద్రౌపది మాట్లాడేటప్పుడు గొంతు గుసగుసలా ఉంటుంది. కీచకుడి మీద భీముడు పడగానే కాళ్ల కింది చెక్కలు దబదబమంటాయి. గుసగుసకు సరిపెట్టుకుంటే దబదబకు సౌండు పగిలిపోతుంది. దబదబకు సరిపెట్టుకుంటే ద్రౌపది రొదలో మునిగిపోతుంది.

ఇక్కడ పాత రికార్డర్ చేతులెత్తేసింది. చెక్క దెబ్బ పడ్డ ప్రతిసారీ పగిలింది. ఎఫ్6, ఈ మిక్స్‌ప్రీ రెండూ 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేస్తాయి. నాలాంటి ప్రోగ్రామర్లకైతే ఇంటిజర్‌కీ ఫ్లోట్‌కీ ఉన్న తేడా అంటే సరిపోతుంది. మామూలుగా చెప్పాలంటే, చిన్న చెంబు నిండి పొర్లిపోతుంది. పెద్ద గంగాళంలో పట్టుకుంటే తర్వాత కావలసినంత తీసుకోవచ్చు. ఇంటికొచ్చి చూస్తే మీటరు ఎర్రగా మారిన చోట్ల కూడా తగ్గిస్తే మద్దెల మద్దెలలాగే ఉంది.

అయితే మైకే తట్టుకోలేక పగిలిన చప్పుడును ఏ ఫ్లోటూ బాగుచేయదు. మైకును చెక్కలకు మరీ ఆనించి పెట్టిన పది నిమిషాలు అలాగే పోయాయి.

వాడకంలోనూ తేడాలున్నాయి. ఎఫ్6కు ఆరు మైకులు తగిలించవచ్చు, కానీ దాని బుడిపెలు మరీ చిన్నవి. చీకట్లో ఒకటి తిప్పబోతే పక్కది తిరుగుతుంది. మిక్స్‌ప్రీ-3కి మూడే మైకులు, బుడిపెలు మాత్రం చేతికి హాయిగా అందుతాయి. కాకపోతే అది నాలుగు పెన్సిల్ సెల్లులను కాసేపట్లో తాగేస్తుంది. పవర్ బ్యాంకు లేకపోతే కీచకవధ దాకా వచ్చేది కాదు.

మట్టి మిద్దెలో

మర్నాడు తెల్లవారుజామున అసలు పని. కరెంటు వస్తే చుట్టుపక్కల బోరు మోటార్లు మొదలవుతాయి కాబట్టి అంతకుముందే లేచాను. మా ఇల్లు పాతకాలపు మట్టి మిద్దె. మందమైన గోడలు, చిన్న కిటికీలు. తలుపు వేస్తే గాలి చప్పుడు బయటే ఆగిపోతుంది. మామూలుగా ఖాళీ గదిలో గొంతు కాస్త మోగుతుంది. ఆరోజు మోగలేదు. ఎందుకా అని చూస్తే గోడ పొడవునా విత్తనం చెనక్కాయల మూటలు. స్టూడియోల్లో డబ్బు పోసి పెట్టుకునే మెత్తటి పలకలు చేసే పనే ఆ గోనెమూటలు చేస్తున్నాయి. వాన సమయానికి పడి ఉంటే అవి ఇంట్లో ఉండేవి కావు.

జేజి లేచేలోపు మా తమ్ముణ్ని కూర్చోబెట్టి పరీక్ష చేశాను. ఏ మెషీనో చెప్పకుండా వినిపించడం. స్టేజీ మీద పాడేవాళ్లు పట్టుకునే మామూలు డైనమిక్ మైకుతో అయితే మూడింటికీ తేడా పట్టాడు. ఆ మైకు ఇచ్చే సంకేతం బలహీనం, బాగా పెంచాలి, రొద బయటపడుతుంది. అదే కండెన్సర్ మైకుతో ఎఫ్6నూ మిక్స్‌ప్రీనీ పదిసార్లు వినిపిస్తే సగం తప్పు చెప్పాడు. నేనూ అంతే. కండెన్సర్ గట్టి సంకేతాన్నే ఇస్తుంది. ప్రీఆంప్ రొద కంటే దాని సొంత రొదే ఎక్కువ. నెల రోజులు నేను తల పగలగొట్టుకున్న ఆ ఒక్క డెసిబెల్ తేడా మా ఇంట్లో ఎవరికీ వినపడలేదు.

జేజి వచ్చి మూటలకు ఆనుకుని కూర్చుంది. మర్యాదగా ఉంటుందని మైకు ఒక మీటరు దూరంలో స్టాండుకు పెట్టాను. పాడింది. గొంతు రెండేళ్ల కిందటికంటే సన్నబడింది. లెవెల్ పెంచాను, పెంచితే గది రొద కూడా పెరిగింది. బుడిపెలు తిప్పుతూనే ఉన్నాను.

జేజి పాట ఆపేసింది. "ఏమిరా, అంత దూరంలో పెడితే దానికి యాడ ఇనిపిస్తాది? దగ్గరికి తెచ్చి పెట్టు. నువ్వూ ఈడ కూకో" అంది.

మైకును జానెడు దూరానికి జరిపాను. దూరం సగమైన ప్రతిసారీ గొంతు ఆరు డెసిబెల్‌లు పెరుగుతుందని ఇంజనీరింగ్‌లో చదువుకున్నదే. మీటరు నుంచి జానకు వచ్చేసరికి పన్నెండు పైమాటే. రెండు మెషీన్ల మధ్య తేడాకు ఎన్నో రెట్లు, ఒక్క పైసా ఖర్చు లేకుండా.

మీ ఇంట్లో కూడా ఇలాంటి గొంతు ఒకటి ఉంటే, మంచి మెషీన్ కొన్నాక చూద్దామని ఆగకండి. తొడుగున్న మైకు ఒకటి, నిశ్శబ్దంగా ఉన్న గది ఒకటి చూసుకుని దగ్గరగా కూర్చోండి. తోలుబొమ్మలాట లాంటిదైతే మాత్రం 32 బిట్ ఫ్లోట్ మెషీన్ అద్దెకైనా తీసుకోండి, పనికొస్తుంది. పక్కన నిలబడి వినడానికి ఒక మనిషిని కూడా పెట్టుకోండి. నా పది నిమిషాలు అలా వినేవాళ్లు లేకే పోయాయి.

జేజి మళ్లీ ఎత్తుకుంది. మూడో చరణం దగ్గర మరచిపోయి ఆగింది. వంటింట్లో నుంచి మా పెద్దమ్మ అందుకుంది. పెద్దమ్మకు ఆ పాట వచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. ఆ గొంతు మైకుకు దూరం, సన్నగా పడింది. మిక్సింగ్‌లో పెంచొచ్చు. పెంచలేదు. అది వంటింట్లో నుంచే కదా వచ్చింది.

ఫైలుకు పేరు పెట్టి, రెండు కాపీలు చేసి, ఒకటి తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఉంచి బయల్దేరాను. వాకిట్లో గాలి అలాగే కొడుతోంది. పడమట కాస్త మబ్బు పట్టింది. "పడతాదంటావా జేజీ?" అంటే ఆకాశం వైపు చూడకుండానే, "మూటలు ఇంకా ఇంట్లోనే ఉండాయి కదా, పడాల్నే" అంది.